చీకట్లో హెచ్‌వీ సార్ క్లాసు

మన బ్యాచ్ సంచిక కమిటీ వాళ్లు ఫోన్ చేసి హాస్టల్ గురించో, మెస్ గురించో రాయమన్నారు. వాటికి మన క్లాస్‌మేట్ లాంబూ ఒక్కడు చాలు. నేను మనకు హైవోల్టేజ్ పాఠం చెప్పిన హెచ్‌వీ సార్ గురించే రాస్తాను.

ఫైనలియర్‌లో ఆ సాయంత్రం గుర్తుందిగా? సార్ ల్యాబ్ కిటికీలకు నల్లగుడ్డలు కట్టించి, లైట్లు ఆర్పించి, మనల్ని హైవోల్టేజ్ పరికరాల కంచెకు ఇవతల పావుగంట కదలకుండా కూర్చోబెట్టారు. కళ్లు చీకటికి అలవాటు పడితేగానీ ఏమీ కనపడదన్నారు. వోల్టేజ్ పెంచుతుంటే ముందు సుయ్‌మని చప్పుడు, తర్వాత ఓజోన్ వాసన, ఆ తర్వాతే సూది మొన మీద ఊదారంగు వెలుగు. హైవోల్టేజ్‌కు మొన చుట్టూ గాలి ఇలా మెరవడాన్నే కరోనా అంటారు. "సెంటీమీటరుకు సుమారు 30 కిలోవోల్టులు దాటితే గాలి కూడా ఆగదురా" అన్నారు సార్. స్టాండు మీద తన సొంత ఫిల్మ్ కెమెరా, షట్టర్ 'బి'లో, అంటే మనం మూసేదాకా తెరిచే ఉండేలా. అది మూసేదాకా మన బ్యాచ్‌లో ఎవరూ మాట్లాడలేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. హన్మకొండ స్టూడియో అతను పాడైన ఫ్రేమనుకుని ప్రింట్ వెయ్యలేదు. సార్ మళ్లీ వెళ్లి దగ్గరుండి వేయించారు. నల్లటి కాగితం మీద చిన్న ఊదా కుచ్చు. అంత అందమైన ఫోటో నేను మళ్లీ చూడలేదు.

మిగతా సెమిస్టర్లు ఎలా గడిచాయో నాకు అంతగా గుర్తు లేదు.

ఇప్పుడు నేను 400 కేవీ లైన్ల మెయింటెనెన్స్‌లో ఉన్నాను. రామగుండం వైపు మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ కరోనానే పట్టే కెమెరా పట్టుకుని టవర్ల కింద తిరుగుతాను. కరోనా వెలుగు ఎక్కువగా 300 నుంచి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల మధ్య, అంటే అతినీలలోహితంలో ఉంటుంది, పగలు అక్కడ సూర్యుడిదే రాజ్యం. 280 లోపు ఎండను పైన ఓజోన్ పొర ఆపేస్తుంది. అందుకే ఈ కెమెరా 240-280 మధ్య వచ్చే కొద్దిపాటి వెలుగునే పట్టి, మామూలు వీడియో మీద చుక్కలుగా చూపిస్తుంది. తెగిన తీగపోగు, సరిగా కూర్చోని కరోనా రింగు (కరోనాను తగ్గించడానికి తొడిగే లోహపు కడియం) ఇట్టే దొరికిపోతాయి. వీటిలో చాలావాటికి వేడి అంతగా పుట్టదు కాబట్టి థర్మల్ కెమెరాకు చిక్కవు. తీగను టవర్‌కు కరెంటు పారకుండా పట్టి ఉంచే, రబ్బరు తొడుగున్న పాలిమర్ ఇన్సులేటర్ దగ్గరైతే మరీ జాగ్రత్తగా చూస్తాను. కరోనాకు తేమ తోడైతే నైట్రిక్ ఆమ్లం పుట్టి రబ్బరును తినేస్తుంది.

కెమెరా తెరమీద చుక్కల లెక్కగా వచ్చే అంకె చూసి తీర్పు చెప్పొద్దని కొత్త ఇంజనీర్లకు చెబుతుంటాను. దూరం, గెయిన్ (కెమెరా సున్నితత్వం), గాలిలో తేమ మారితే ఆ అంకె మారిపోతుంది. కెమెరా చేతికిచ్చే ముందు వాళ్లను ఒక ముసురు రాత్రి సబ్‌స్టేషన్ యార్డుకు తీసుకెళ్లి, కళ్లు అలవాటయ్యేదాకా ఊరికే నిలబెడతాను. సార్ పద్ధతే.

సార్ తీసిన ఆ ఫోటో నెగటివ్ మన సీఆర్ (క్లాసు ప్రతినిధి) దగ్గరే ఉండాలి. ఉంటే కమిటీకి పంపమనండి, ఈ పేజీలో వేద్దాం.