ఆర్కే బీచ్ ఇసుక డైరీ: మూడో నెల

జూన్ 8

బీచ్ ఇసుకలో అయస్కాంతానికి అంటుకునే నల్లగింజలు ఎన్ని గ్రాములున్నాయో చూస్తున్నాను. మొదట్లో తడి ఇసుకనే తూచి మోసపోయాను. ఇప్పుడు ఉప్పు పోయేలా మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, పళ్లెంలో రెండ్రోజులు ఎండబెట్టాకే కాటా మీద పెడుతున్నాను. ఒక్కో నమూనా 100 గ్రాములు. తీసే చోటు మార్చను: అదే మెట్ల వరసకి ఎదురుగా, అల ఆఖరుగా తాకిన గీత దగ్గర, పైన ఒక అంగుళం మందమే.

ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం పనికిరాదు. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజాన్ని లాగుతుంది కానీ, ఇనుము, టైటానియం కలిసిన నల్ల ఖనిజం ఇల్మనైట్‌ని వదిలేస్తుంది. బాగా బలమైన నియోడిమియం అయస్కాంతం కొని, ఉత్సాహం కొద్దీ నేరుగా ఇసుకలో ముంచాను. దానికి మొలిచిన నల్లగడ్డం ఇంకా పూర్తిగా ఊడలేదు. పల్చని ప్లాస్టిక్ కవరు చుట్టి వాడండి, కవరు లాగేస్తే గింజలు వాటంతటవే రాలిపోతాయి.

జూన్ 22

అయస్కాంతానికి అంటింది 7 గ్రాములు. అదంతా ఇల్మనైట్ కాదు, గార్నెట్ అనే ఎర్ర ఖనిజపు గింజలూ కొన్ని అంటుకుంటాయి. 10 రెట్ల భూతద్దంలో అవి దానిమ్మ గింజల రంగులో ఉన్నాయి. కైలాసగిరి మీద తుప్పురంగులో కనిపించే ఖొండలైట్ రాయిలో ఉండేవీ ఇవే.

జూలై 13

మూడు రోజులుగా సముద్రం పోటుమీద ఉంది. మెట్టు అంచు నుంచి ఇసుక దాకా టేపు పెడితే పోయినసారి 40 సెంటీమీటర్లు, ఈరోజు 95. ఒడ్డు కోసుకుపోయిన చోట నాలుగు వేళ్ల మందాన నల్లచార. ఓడల ఆయిల్ అని పక్కనున్నాయన తేల్చేశారు. చేత్తో నలిపితే జిడ్డేమీ అంటలేదు.

ఈసారి అయస్కాంతానికి అంటింది తూస్తే 61 గ్రాములు! కొత్తగా ఖనిజం కొట్టుకొచ్చిందని సంబరపడ్డాను. తప్పు. ఇది బియ్యం గాలించినట్టే. ఇసుకలో మామూలుగా ఉండే తేలిక గింజ క్వార్ట్జ్ సాంద్రత 2.65, ఇల్మనైట్‌ది దాదాపు 4.7. తేలికది నీళ్లతో పోయింది, బరువైనది అడుగున మిగిలింది. అంటే నేను తూచింది వచ్చినదాన్ని కాదు, పోయినదాని మిగులుని.

నైరుతి కాలంలో అలలు ఇసుకని భీమిలి వైపు నడిపిస్తాయి. నవంబరు తర్వాత కొన్నాళ్లు దారి తిరగబడుతుంది కానీ, ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దక్షిణం నుంచి దాని బదులు రావాల్సింది విశాఖ పోర్టు ఔటర్ హార్బర్ అడ్డుగోడల దగ్గర ఆగిపోతుంది. అందుకే అక్కడ డ్రెడ్జర్‌తో తవ్విన ఇసుకని బీచ్ మీద పోస్తుంటారు. బీచ్‌కి అది మందే, నా లెక్కకి మాత్రం తలనొప్పి. ఇకనుంచి ఇసుక పోసిన రోజుల్ని డైరీలో ఎర్ర ఇంకుతో రాస్తాను.

ఎర్రమట్టి దిబ్బల ఇసుకతో పోల్చమని ఒకరు అడిగారు. అది రక్షిత ప్రదేశం, పిడికెడు కూడా తేను. భూతద్దం తీసుకెళ్లి అక్కడే చూసి వస్తాను.

వచ్చే నెల జల్లెడ పని. ఇంట్లో ఉన్న జల్లెడ అడిగితే, తీసుకుంటే మళ్లీ వంటింట్లోకి తేవద్దన్నారు. కొత్తది కొనాలి.