20 ప్రసవాల కేస్ బుక్: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం నా కేస్ బుక్‌లో చివరి సంతకం పడింది కనుక, కోపమూ ఊరటా చల్లారకముందే ఇది రాస్తున్నాను. మూడేళ్ళ జి.ఎన్.ఎం. నర్సింగ్ కోర్సులో మొదటి రెండేళ్ళు బట్టీతో గడిచిపోయాయి. మూడో ఏట మిడ్‌వైఫరీ, అంటే కాన్పులు చేసే విద్య, వచ్చింది. గర్భిణి కడుపు తాకి బిడ్డ తల ఎటుందో చెప్పడం మా బ్యాచ్‌లో అందరికంటే ముందు నాకే పట్టుబడిందని చెప్పుకోవడానికి నాకు మొహమాటమేమీ లేదు.

అసలు చిక్కు 20 ప్రసవాలు స్వయంగా చేసి కేస్ బుక్ నింపడంలో ఉంది. హైదరాబాదులో మమ్మల్ని వేసిన ప్రసూతి ఆసుపత్రిలో ఒక్కొక్క కాన్పు కోసం పీజీ డాక్టర్లూ, హౌస్ సర్జన్లూ, రకరకాల కాలేజీల విద్యార్థినులూ కాచుకుని ఉంటారు. పగటి డ్యూటీలో మాకు మిగిలేది దూది అందించే పనే కాబట్టి, రాత్రి డ్యూటీ అడిగి మరీ వేయించుకోండి. పాతబస్తీ నుంచి వచ్చే తల్లుల కోసం నాలుగు ఉర్దూ ముక్కలు కూడా నేర్చుకోండి; 'జోర్ లగావ్' (బలం పెట్టు) అని అరవడం ఆయాలకు కూడా వచ్చు, 'అభీ నహీ, సాన్స్ లేవ్' (ఇప్పుడే వద్దు, ఊపిరి తీసుకో) అని నెమ్మదిగా చెప్పడమే రావాలి.

నా 11వ కేసు దగ్గర పరువు పోయింది. గర్భాశయ ముఖం 4 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో చుక్కలతో గుర్తించే కాగితం) మొదలుపెట్టి, అరగంటకొకసారి బిడ్డ గుండె చప్పుడూ నొప్పులూ, నాలుగు గంటలకొకసారి ముఖం తెరుచుకున్న కొలతా గుర్తించాలి. గంటకు ఒక సెంటీమీటరు చొప్పున పైకి వెళ్ళే హెచ్చరిక గీతను దాటి మన గీత కుడివైపుకు జరిగితే కాన్పు నెమ్మదించిందని అర్థం. నా కాగితంలో చుక్కలన్నీ సరిగ్గా ఆ గీత మీదే కూర్చున్నాయి. ట్యూటర్ మేడం దాన్ని వార్డు మధ్యలో ఎత్తిపట్టి, "ఈమె గడియారం చూసుకుంటూ నొప్పులు పడిందా అమ్మా?" అన్నారు. ఆయాలు నవ్వారు, గర్భిణుల అత్తగార్లు కూడా నవ్వారు. కాన్పు అయ్యాక గుర్తున్నంతలో నింపిన మాట నిజమే, కాని ఆ వార్డులో సగం పార్టోగ్రాఫులు టీ తాగుతూ నింపినవేనని ఆమెకు తెలియదా? తప్పు చూపడం ఆమె పని. నలుగురి ముందు నిలబెట్టడం మాత్రం ఎవరి పనీ కాదు. ఆ పేజీని కొట్టివేశారు కనుక, ఆ కేసుకు బదులు మరొకటి చేయవలసి వచ్చింది.

ఆ తరువాత పెన్ను చెవి మీద పెట్టుకుని మంచం పక్కనే కూర్చున్నాను. చివరి కేసులో రాత్రి 10 గంటలకు 4 సెంటీమీటర్లు ఉన్న తల్లికి 2 గంటలకు 6 మాత్రమే వచ్చింది. గీత కుడివైపుకు జరిగింది. డ్యూటీ డాక్టర్‌ను పిలిచాను, మూత్రాశయం నిండి కాన్పుకు అడ్డుపడుతోందన్నారు. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది, పుట్టగానే ఏడ్చింది.

నిన్న మేడం ఆ వంకర గీతను చాలాసేపు చూసి, "రెండున్నర గంటల గుండె చప్పుడు చుక్క ఏది?" అని అడిగారు. అప్పుడు ఆ తల్లిని మూత్రానికి నడిపించి తీసుకువెళ్ళాను, అందుకే లేదు అన్నాను. సంతకం పెట్టి, తేదీ నన్నే వేయమన్నారు.