బంగారం దొరికితే ఓడిపోయే ఆట

పాత ఫాంటసీ లోకాన్ని బల్ల మీద పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌గా మార్చాలని కూర్చున్నవారు చాలామంది మొదట పటం తీస్తారు. తర్వాత జాతులు, ఆయుధాలు, రాక్షసుల పట్టికలు. ఎన్నో ఏళ్లుగా గేమ్ మాస్టర్‌గా, అంటే కథ నడిపి నియమాలు చూసుకునే మనిషిగా, టోల్కీన్ నవలల లోకమైన మిడిల్ ఎర్త్‌లో ఆటలు నడిపిస్తున్న నాకు బలపడిన నమ్మకం వేరు. పటం ఆఖరున వచ్చినా ఫరవాలేదు. ఆ లోకంలో ఏం చేస్తే మనిషి ఎదుగుతాడో, ఏం చేస్తే పతనమవుతాడో ముందు తేల్చుకోవాలి. ఎందుకంటే నియమాలు దేనికి పాయింట్లు ఇస్తాయో ఆటగాళ్లు అదే చేస్తారు. మనం ఎంత అందంగా వర్ణించినా, కొన్ని వారాలు గడిచేసరికి అందరి ఆలోచనా పాయింట్లున్న వైపుకే మళ్లుతుంది.

బంగారం సంగతే తీసుకోండి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ తరహా ఆటలకు ఆద్యం. తొలినాళ్ల నియమాల్లో, నేలమాళిగలోంచి బయటికి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో అనుభవ పాయింటు వచ్చేది. ఆ ఆటకు అది చక్కగా సరిపోయింది. చీకట్లోకి దిగడానికి కారణం చూపింది, కత్తి దూయకుండా నిధి తెచ్చుకునే తెలివికీ విలువ కట్టింది. అదే నియమాన్ని మిడిల్ ఎర్త్‌లో పెట్టి చూడండి. 1937లో వచ్చిన టోల్కీన్ నవల 'ది హాబిట్'లో డ్వార్ఫ్‌లనే పొట్టి జాతి నాయకుడు థోరిన్ మనసును డ్రాగన్ కాపలా కాసిన బంగారం పట్టేసుకుంటుంది. డ్రాగన్ మంటల్లో ఊరు పోగొట్టుకున్నవాళ్లు న్యాయంగా వాటా అడిగితే ద్వారం మూసుకుని కూర్చుంటాడు. ఆ కథలో నాయకుడు, హాబిట్ జాతివాడైన బిల్బో చేసిన అతి గొప్ప పని, థోరిన్ ప్రాణంలా చూసుకునే ఆర్కెన్‌స్టోన్ మణిని యుద్ధం ఆపడం కోసం అవతలి పక్షం చేతిలో పెట్టడం. నాణేలు లెక్కపెట్టే నియమం ప్రకారం ఆ రాత్రి బిల్బో నష్టపోయాడు, థోరిన్ ఎదిగాడు. పేర్లూ ఊళ్లూ అన్నీ పుస్తకంలోవే అయినా అక్కడ నడుస్తున్నది వేరే లోకం.

మంత్రవిద్యదీ ఇదే చిక్కు. 1977లో 'ది డ్రాగన్' పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. టోల్కీన్ కథల్లోని మాంత్రికుడు గాండాల్ఫ్ చేసి చూపించిన మంత్రాలన్నీ లెక్కవేస్తే అతను డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొలతలో అయిదో స్థాయి మాంత్రికుడేనని దాని వాదన. లెక్క కట్టిన తీరు సరదాగానే ఉంటుంది. అయితే గాండాల్ఫ్ బలం మంత్రాల సంఖ్యలో లేదు. ఎవరిని ఎప్పుడు ఏ దారిలో పంపాలో అతనికి తెలుసు, కుంగిపోయినవాళ్లను లేపి నిలబెట్టగలడు, దగ్గరున్నవాణ్ని చెడగొట్టే మహాశక్తి గల ఉంగరాన్ని చేతికిస్తానన్నా వద్దనగలడు. దీన్ని అంకెల్లో పెట్టడం కష్టం. 1984లో ఐరన్ క్రౌన్ సంస్థ తెచ్చిన మిడిల్ ఎర్త్ రోల్‌ప్లేయింగ్, తమ రోల్‌మాస్టర్ ఆట నియమాలను కుదించి తయారుచేసినది. పీట్ ఫెన్‌లన్ గీసిన దాని పటాలంటే నాకు ఇప్పటికీ ప్రాణం. నదుల వంపులూ కొండల నీడలూ చూస్తుంటే అక్కడికి వెళ్లిపోవాలనిపిస్తుంది. నియమాలు మాత్రం మంత్రాల జాబితాలతో, ఏ దెబ్బకు ఏ ఎముక విరుగుతుందో చెప్పే పట్టికలతో నిండి ఉంటాయి. ఆ ఆటలో నా పాత్రలు ఎన్నోసార్లు చనిపోయాయి. ప్రలోభపడిన సందర్భం మాత్రం ఒక్కటీ గుర్తులేదు.

నియమం లోకాన్ని ఎలా మోయగలదో చూపించిన ఆటలు అప్పటికే రావడం మొదలైంది. 1981 నాటి కాల్ ఆఫ్ కతుల్హూలో చూడకూడనివి చూసేకొద్దీ మతి తప్పుతూ వస్తుంది. 1985లో గ్రెగ్ స్టాఫోర్డ్ రాసిన పెండ్రాగన్‌లో ఆర్థర్ రాజు కాలపు యోధుడి గుణాలు జంటలుగా ఉంటాయి. ఒక జంటలోని రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ 20. దయ పెరిగితే క్రూరత్వం అంతమేరా తగ్గాల్సిందే. పాత్ర వివరాల కాగితం మీద రెండు అంకెలు చాలు, ఆ యోధుడు ఎలాంటివాడో తెలిసిపోతుంది.

మిడిల్ ఎర్త్‌కు అలాంటి నియమాలు 2011లో వచ్చాయని నా అభిప్రాయం. ఫ్రాన్సెస్కో నెపితెల్లో రూపొందించిన ది వన్ రింగ్ గురించి చెబుతున్నాను. దాని రెండో కూర్పును స్వీడన్‌కు చెందిన ఫ్రీ లీగ్ సంస్థ ప్రచురించింది. అందులో ప్రతి పాత్రకూ ఆశ అని ఒక అంకె, మనసులో చేరే చెడును కొలిచే నీడ అని ఒక అంకె ఉంటాయి. కష్టమైన పనిలో ఆశను ఖర్చుపెట్టి బలం తెచ్చుకోవచ్చు. భయం, దురాశ, చేతబడి నీడను పెంచుతాయి. వాటిని పాచిక వేసి కొంత తప్పించుకోవచ్చు. తెలిసి చేసిన చెడుపని వల్ల పడిన నీడకు మాత్రం ఆ అవకాశం లేదు. పన్నెండు ముఖాల పాచిక మీద ఒక ముఖాన గాండాల్ఫ్ గుర్తు, మరో ముఖాన చీకటి ప్రభువు సౌరాన్ కన్ను. ఇంకా నచ్చేది, ప్రతి వృత్తికీ దాని పతనం ముందే రాసిపెట్టి ఉండటం. నిధులు వెతికేవాడికి డ్రాగన్ జాడ్యం, నాయకుడికి అధికార వ్యామోహం, పండితుడికి రహస్యాల మీద ఆకర్షణ. ఆటగాడు పాత్రను తయారుచేసుకుంటున్నప్పుడే అది ఎలా చెడిపోగలదో కూడా ఎంచుకుంటున్నాడన్నమాట. ఇక్కడ నిధి దొరికితే బల్ల చుట్టూ కేరింతలు వినబడవు. ఎవరు ముట్టుకోవాలన్న చర్చ మొదలవుతుంది.

ప్రయాణం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. చాలా ఆటల్లో ప్రయాణం అంటే 'మూడు వారాల తర్వాత చేరుకున్నారు' అనే ఒక్క వాక్యం. టోల్కీన్ పెద్ద నవల 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో ఉంగరం మోసే ఫ్రోడో తన ఇంటినుంచి సెప్టెంబర్ 23న బయలుదేరి ఎల్ఫ్‌ల నివాసం రివెన్‌డెల్ పక్కనున్న రేవు దాటేసరికి అక్టోబర్ 20 అవుతుంది. ఆ నవల మొదటి భాగంలో సగం ఆ దారే. దారి తీసేస్తే కథ మిగలదు. అందుకే ది వన్ రింగ్‌లో దారి చూపేవాడు, ముందు వెళ్లి జాడ చూసేవాడు, వేటాడి తెచ్చేవాడు, కాపలా కాసేవాడు అని బాధ్యతలు పంచుకుంటారు. అలసట పేరుకుంటుంది, దానితో పోరాట సామర్థ్యం తగ్గుతుంది. నేను ఇంకొకటి చేరుస్తాను. రోజు ముగిశాక చలిమంట దగ్గర ఏదో ఒక పాత్ర పక్కవాళ్లలో ఒకరిని తన గతం గురించి ఒక ప్రశ్న అడగనివ్వాలి. జవాబు చెప్పి తీరాలన్న నిర్బంధం లేదు. నా ఆటగాళ్లు ఏళ్ల తర్వాత కూడా చెప్పుకునేది ఆ మంట దగ్గరి మాటలనే. ఓడించిన ఓర్కులనే రాక్షసుల సంగతి ఎవరికీ గుర్తుండదు.

అందరి బలమూ సమానంగా ఉండాలన్న ఆందోళనను నేను ఎప్పుడో వదిలేశాను. ఉంగరాన్ని నాశనం చేయడానికి రివెన్‌డెల్ నుంచి బయలుదేరిన తొమ్మిది మందిలో కాబోయే రాజూ ఉన్నాడు, ఎన్నడూ యుద్ధం చూడని తోటమాలీ ఉన్నాడు. గెలుపు తోటమాలి ఓపిక వల్ల వచ్చింది. అలాంటి చోట కత్తి బలాన్ని తూకం వేసి సమం చేయడంలో అర్థం లేదు.

ఇక అన్నిటికన్నా కష్టమైనది, ఏం జరగబోతోందో అందరికీ తెలిసిన లోకంలో ఆడటం. బిల్బో ఇల్లు చేరింది మూడో యుగం 2942లో, ఫ్రోడో బయలుదేరింది 3018లో. మధ్యలో డెబ్భై ఆరేళ్ల వ్యవధి. చాలామంది ఈ ఖాళీలోనే ఆట పెడతారు. ది వన్ రింగ్ రెండో కూర్పు కూడా 2965లో మొదలవుతుంది. నేను ఎంచుకున్నది 2989. ఆ ఏడాది థోరిన్ అనుచరుల్లో ఒకడైన బాలిన్ కొంతమంది డ్వార్ఫ్‌లను వెంటబెట్టుకుని, పూర్వీకుల నగరం మోరియాను తిరిగి నిలబెడతానని డ్వార్ఫ్‌ల కొండ రాజ్యం ఎరెబోర్ నుంచి వెళ్లాడు. రాజు డైన్ అయిష్టంగానే ఒప్పుకున్నాడు. మొదట్లో మంచి వార్తలే వచ్చాయి. తర్వాత రాలేదు. 2994లో బాలిన్ చనిపోయాడు, మోరియాలోని వాళ్ల స్థావరం నాశనమైంది. పుస్తకం చదివిన నా ఆటగాళ్లందరికీ ఇది మొదటి రోజే తెలుసు.

వాళ్లకు నేనిచ్చిన పాత్రలు మోరియాకూ ఎరెబోర్‌కూ మధ్య ఉత్తరాలు మోసే వార్తాహరులు. పెట్టిన షరతు ఒక్కటే: పుస్తకం చెప్పింది మారదు, పుస్తకం చెప్పనిదంతా మీది. తెలిసిన ముగింపు ఉత్కంఠను చంపేస్తుందని కొందరు అంటారు. నేను చూసింది వేరు. 'గెలుస్తామా' అన్న ప్రశ్న పోగానే 'వీళ్లకు మనం ఏం చేయగలం' అన్న ప్రశ్న వచ్చింది. మామూలుగా ఎవరి పేరూ అడగని ఆటగాడు ఆ చీకటి హాళ్లలో పనిచేసేవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా అడిగి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇనుము కొట్టేవాడికి అత్తవారింటి కబుర్లు మోసుకొచ్చాడు. బరువు పరిమితిని లెక్కచేయకుండా ఎరెబోర్ నుంచి ఒక తంత్రీవాద్యం మోసుకొచ్చి ఇచ్చాడు. దానివల్ల అతని అలసట పెరిగింది, అయినా దించలేదు.

ఆఖరి మంచి ఉత్తరం ఎరెబోర్‌కు వెళ్లాల్సి వచ్చినప్పుడు, దాన్ని తాను తీసుకెళ్లనని ఆ ఆటగాడు తన పాత్ర చేత చెప్పించాడు. ఒక డ్వార్ఫ్ యువకుడి పేరు చెప్పి, ఇతనికి దారి నేర్పాను, ఇతన్ని పంపండి అని బాలిన్‌ను వేడుకున్నాడు. కారణం చెప్పడానికి వీల్లేదు, పాత్రకు భవిష్యత్తు తెలియదు కదా. కుర్రవాడికి కొండల అవతలి లోకం చూపించాలని, వాళ్లమ్మ ఎదురుచూస్తోందని ఏవేవో చెప్పాడు. పాచికలు వేయమని నేను అడగలేదు. బాలిన్‌గా ఒప్పుకున్నాను. మంచి వార్తతో ఒకడు ఎరెబోర్ చేరడానికి పుస్తకంలో చోటుంది. పుస్తకం చెప్పిన ఒక్క విషయమూ మారలేదు.

ఆ సాయంత్రానికి పాయింట్లు ఎలా ఇవ్వాలన్నది నియమాల పుస్తకంలో లేదు. ఆ పాత్ర పోగొట్టుకున్న ఆశ మొత్తం తిరిగి నింపాను, మిగతా బృందానికీ ఒక్కో పాయింటు ఇచ్చాను. ఒక ఆటగాడు ఇది ఉదారంగా లేదా అని అడిగాడు. ఉంగరం చెరిచిన గొల్లమ్ అనే జీవిని చంపగలిగే స్థితిలో ఉండి బిల్బో కత్తి దించిన ఘట్టాన్ని గుర్తుచేశాను. ఆ జాలి మీదే ఉంగరం కథంతా నిలబడింది, కాబట్టి ఈ లోకాన్ని ఆడుతున్నంతకాలం జాలికి నా దగ్గర అన్నిటికన్నా పెద్ద బహుమతి ఉంటుందని చెప్పాను. అప్పటినుంచి అది మా నియమాల కాగితంలో బంగారం గురించిన వాక్యానికి పైన రాసి ఉంది.