విమానాశ్రయంలో రెండు చేతులూ చాలని చోట్లు

ఈ ప్రయాణంలో చేరిన ఊరి గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. రాయవలసినదంతా దారిలో విమానం మారిన ఆ పెద్ద విమానాశ్రయం గురించే. నాలుగేళ్ల బాబుతోనూ, నడక వదిలి పరుగు అందుకున్న పాపతోనూ అక్కడ గడిపిన కొన్ని గంటల్లో నా భయాల వరుసే మారిపోయింది. పిల్లల భద్రత అనగానే ఎవరో ఎత్తుకుపోతారన్న భయం మనకు ముందు కలుగుతుంది. నేను చూసినంతలో మాత్రం పిల్లలు చేజారుతున్నది పెద్దవాళ్ల రెండు చేతులూ ఒకేసారి పనిలో పడినప్పుడే.

భద్రతా తనిఖీ దగ్గర ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ల్యాప్‌టాప్ బయటికి తీయాలి, పాలసీసా విడిగా చూపించాలి, స్ట్రోలర్ మడిచి ఎక్స్‌రే బెల్టు మీదికి ఎత్తాలి. ఎత్తాలంటే ముందు పాపను కిందికి దించాలి. దించిన పాపను ఎవరు పట్టుకోవాలన్నది ఎవరికీ పట్టదు. 2006లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో ఒక పెద్దావిడ పసికందును ట్రేలో పెట్టి ఎక్స్‌రే యంత్రంలోకి పంపించిందని చదివినప్పుడు ఆశ్చర్యపోయాను కానీ, ఆ వరుసలో నిలబడ్డాక ఆమె అయోమయం నాకు పూర్తిగా అర్థమైంది. మేము ముందే అనుకున్న ప్రకారం మావారు మొదట అవతలికి వెళ్లి నిలబడ్డారు. బాబు నేరుగా ఆయన దగ్గరికి నడిచాడు, పాపను ఎత్తుకుని నేను చివర వెళ్లాను. సామాను కొంత ఆలస్యమైంది, వెనకవాళ్లు విసుక్కున్నారు. విసుక్కోనివ్వడమే మంచిది.

నన్ను నిజంగా కలవరపెట్టింది మాత్రం ఒక టెర్మినల్ నుంచి మరొక టెర్మినల్‌కు తీసుకువెళ్లే రైలు. 1971లో అమెరికాలోని టాంపా విమానాశ్రయంలో మొదలైన ఇలాంటి రైళ్లు ఇప్పుడు పెద్ద విమానాశ్రయాలు చాలావాటిలో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం డ్రైవరు లేకుండానే నడుస్తాయి. మేము ఎక్కి కుదురుకునేలోపే మా వెనక కుటుంబంలోని ఐదేళ్లుండే పాప ఒక్కతే చటుక్కున లోపలికి దూకింది. ఆమె తండ్రి ఒక చేత్తో పెట్టెనూ, ఇంకో చేత్తో చంటిబిడ్డనూ పట్టుకుని ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. తలుపులు మూసుకున్నాయి. ఆయన అరచేత్తో అద్దం మీద కొట్టడం మాకు కనిపించింది కానీ మాట వినబడలేదు, రైలు కదిలిపోయింది.

ఆ పాప ఏడవడానికి ముందే మా రైలు పెట్టెలో ఉన్న శుభ్రతా సిబ్బందిలో ఒకామె నేలమీద మోకాళ్లూని, ఆ పిల్ల కళ్లకు సమానంగా తన ముఖం తెచ్చింది. ఆమె మాట్లాడిన భాష నాకు తెలియదు, బహుశా ఆ పాపకూ తెలియదు. ఆమె పిల్లను పట్టుకోలేదు, ఎత్తుకోలేదు. తన చేయి చాపి ఉంచింది, కాసేపటికి పాపే ఆ వేలు పట్టుకుంది. తర్వాతి స్టేషన్‌లో ఇద్దరూ దిగారు, మేమూ దిగాము. నేనైతే పాపను వెంటనే వెనక్కి వెళ్లే రైలు ఎక్కించేదాన్ని. ఆమె మాత్రం దిగిన తలుపు ఎదుటే నిలబడి, అరచేతిని నేలవైపు చూపిస్తూ ఇక్కడే, ఇక్కడే అన్నట్టు సైగ చేసింది. తర్వాతి రైల్లోనే తండ్రి వచ్చాడు. పాపను వెనక్కి పంపి ఉంటే, ఇద్దరూ ఎదురెదురు రైళ్లలో ఒకరినొకరు దాటిపోయేవారు.

ఇంత తేలికైన ఏర్పాటును ఆ రైల్లో గోడ మీద ఒక బొమ్మగానైనా వేయలేదన్నది నా ఫిర్యాదు. సామాను మరచిపోవద్దని మాత్రం ఎన్నో చోట్ల రాసి ఉంది. అక్కడికక్కడే మా బాబుకు చెప్పాను: "తలుపు పడిపోతే తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే నిల్చో నాన్నా, కదలకు, మేమే వస్తాము." నువ్వు బయటే ఉండిపోతే అక్కడే ఉండు, మేము వెనక్కి వస్తామన్నది రెండో సగం. వాడి చేత రెండూ తిరిగి చెప్పించుకున్నాను. వాడి ముంజేతి మీద మా ఫోను నంబరు దేశం కోడ్‌తో సహా పెన్నుతో రాసే ఉంది. ఆ ఉదయం వేసుకున్న బట్టలతో తీసిన ఫొటో మా ఇద్దరి ఫోన్లలోనూ ఉంది. ఇప్పుడు చాలా విమానాశ్రయాలు మైకు ప్రకటనలు బాగా తగ్గించేశాయి కాబట్టి, పిల్లలు కనబడకపోతే ప్రకటన కోసం చూడకుండా ఆ క్షణమే యూనిఫాంలో ఉన్నవాళ్లకు చెప్పి ఫొటో చూపించాలి. చెప్పేటప్పుడు చెప్పుల రంగు కూడా చెప్పడం మేలు, స్వెట్టరు విప్పేసే పిల్లలు చెప్పులు అంత త్వరగా విప్పరు.

ఎస్కలేటర్ల దగ్గర మాకు ఇబ్బంది రాలేదు, స్ట్రోలర్ ఉంది కనుక లిఫ్టే ఎక్కాము. మెత్తటి రబ్బరు చెప్పులతో మెట్టు అంచున నిలబడ్డ పిల్లలు మాత్రం కనబడ్డారు. మెట్టుకూ పక్క గోడకూ మధ్య సందులో ఇరుక్కునేవి ఆ చెప్పులే. ఎక్కేముందు ఎర్రటి ఆపుబటన్ ఎక్కడుందో ఒకసారి చూసుకోవాలి.

చివరి మజిలీలో కోపం తెప్పించింది స్ట్రోలర్. విమానం తలుపు దగ్గర తీసుకున్నదాన్ని దిగేటప్పుడు అక్కడే ఇవ్వకుండా సామాను బెల్టుకు పంపించారు. నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని, రెండు సంచులతో, ఆ పొడవాటి నడవా అంతా నడవవలసి వచ్చింది, బాబు చేయి పట్టుకోవడానికి చేయి మిగలలేదు. బెల్టు దగ్గర వాడు అంచు ఎక్కబోతుంటే మావారు సామాను సంగతి వదిలేసి వాడి వెనక నిలబడ్డారు, పెట్టెలు రెండు చుట్లు తిరిగాక తీసుకున్నాము. తిరుగు ప్రయాణంలో గేటు దగ్గర స్ట్రోలర్‌కు ట్యాగు కడుతున్నప్పుడే, దాన్ని ఎక్కడ తిరిగి ఇస్తారని అడిగాను. బెల్టు దగ్గరనే చెప్పడంతో పాపను కట్టుకునే క్యారియర్‌ను చేతిసంచిలో పైకి పెట్టుకుని విమానం ఎక్కాను.