సవరణ నెగ్గింది, క్లాజు పోయింది

2017 జూలై 31 రాత్రి. నేను ఒక పత్రికలో నైట్ డెస్క్ సబ్‌ఎడిటర్‌ని. రాజ్యసభలో బీసీ కమిషన్‌కు రాజ్యాంగ హోదా ఇచ్చే బిల్లు వార్త నాకు పడింది. కమిషన్ సభ్యులను ముగ్గురి నుంచి ఐదుగురికి పెంచాలని, వారిలో ఒక మహిళ, ఒక మైనారిటీ సభ్యుడు ఉండాలని ప్రతిపక్షం సవరణ ఇచ్చింది. ఓటింగులో నెగ్గింది కూడా. ఇంకేముంది, ‘ఇక కమిషన్‌లో ఐదుగురు’ అని హెడ్డింగ్ పెట్టేశాను.

పేజీ పంపడానికి పావుగంట ఉందనగా ఏజెన్సీ నుంచి ఇంకో కాపీ వచ్చింది. మూడో క్లాజు లేకుండా బిల్లు పాసైందట. ఆ సవరణ పెట్టిందే మూడో క్లాజుకి, అంటే బిల్లులో మూడో అంశానికి! ఏజెన్సీవాళ్లు పొరపాటు పడ్డారనుకుని పక్క సీట్లో ఉన్న సీనియర్‌కి చూపించాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, “అవి రెండు వేరు వేరు ఓట్లు నాయనా” అన్నారు.

పదేళ్లుగా పార్లమెంటు వార్తలు దిద్దుతున్నా, అప్పటిదాకా ఆ సంగతి నా బుర్రకెక్కలేదు. రాజ్యాంగ సవరణ బిల్లులోని ఒక క్లాజును మార్చాలంటూ సభ్యుడు ఇచ్చే సవరణకు మామూలు మెజారిటీ చాలు. ఆ సమయానికి సభలో ఉండి ఓటేసినవారిలో సగం కంటే ఒక్కరు ఎక్కువైతే సరి. మారిన క్లాజు బిల్లులో నిలవాలంటే మాత్రం రాజ్యాంగాన్ని ఎలా సవరించాలో చెప్పే 368వ అధికరణ అడ్డం వస్తుంది. ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు కావాలి, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా కూడా కావాలి. లోక్‌సభ నియమావళిలో 155, 156 నియమాలు ఈ తేడాను పక్కపక్కనే చెబుతాయి. క్లాజు విషయంలో ఔను, కాదు అని నోటితో చెప్పే మూజువాణి ఓటుతో సరిపెట్టడం కుదరదు, ఓట్లు లెక్కపెట్టే డివిజన్ జరగాల్సిందే.

ఆయన నా ప్రింటవుట్ వెనక్కి తిప్పి లెక్క వేశారు. రాజ్యసభ బలం 245, అందులో సగానికి పైన అంటే 123. సభలో ఓ 130 మందే ఉన్నారనుకో, 70 ఓట్లతో సవరణ గెలుస్తుంది. కానీ ఆ 70 మంది క్లాజును నిలబెట్టలేరు. రెండో పక్షం కలిసి రాకపోతే క్లాజే ఎగిరిపోతుంది. ఆ సాయంత్రం అధికార పక్షం బెంచీల్లో చాలామంది లేరు. అందుకే సవరణ నెగ్గింది. మారిన క్లాజుకు మూడింట రెండు వంతులు రాలేదు. కమిషన్‌ను ఏర్పాటు చేసే 338బి అధికరణ ఉన్నది ఆ క్లాజులోనే. పెళ్లికొడుకు లేకుండా పెళ్లి చేసినట్టయింది.

సాధారణ బిల్లయితే ఉభయ సభలకు పొత్తు కుదరనప్పుడు సంయుక్త సమావేశం పెట్టుకోవచ్చు. రాజ్యాంగ సవరణకు ఆ దారి లేదు. 1978లో జనతా ప్రభుత్వం తెచ్చిన 45వ సవరణ బిల్లులో ఐదు క్లాజులను రాజ్యసభ ఒప్పుకోలేదు, లోక్‌సభ అవి లేకుండానే సరిపెట్టుకుంది. అది 44వ సవరణ చట్టమైంది. బిల్లు నంబరు, చట్టం నంబరు ఒకటే అనుకుని నాలాంటి సబ్‌ఎడిటర్లు ఎంతమంది తిట్లు తిన్నారో! మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం ఇచ్చే రాజభరణాల రద్దు బిల్లుది ఇంకో బాధ. 1970లో రాజ్యసభలో 149 మంది ఔనన్నారు, 75 మంది కాదన్నారు. 224లో మూడింట రెండు వంతులు 149 మీద మరికాస్త. ఆ కాస్తతో బిల్లు పోయింది.

మా పేజీ పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. హెడ్డింగ్ ‘మూడో క్లాజు లేకుండానే బీసీ బిల్లు’ అని మార్చాను.

మరుసటి ఏడాది ఆగస్టులో లోక్‌సభ ఆ క్లాజును మార్పులతో తిరిగి చేర్చింది, నాలుగు రోజులకు రాజ్యసభ కూడా సరేనంది. 123వ సవరణ బిల్లుగా వచ్చిన ఆ బీసీ బిల్లు 102వ సవరణ చట్టం అయింది. అప్పటికి మా సీనియర్ రిటైరయ్యారు. ఫోన్ చేసి చెబితే, “సరే, డివిజన్ అంకెలు వేశావా?” అని అడిగారు.