పాత టర్బో డీజిల్ బండిలో లాగుడు తగ్గింది: మూడు వారాల పని వివరాలు

దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డు మీద, ఏళ్ల తరబడి మూడో గేరులో ఎక్కిన మలుపుల దగ్గర, గత నెల మా బండి రెండో గేరుకు దిగితే తప్ప కదలలేదు. ఇది 1999 నాటి రెండు లీటర్ల టర్బో డీజిల్, అంటే ఎగ్జాస్టు వాయువులతో తిరిగే టర్బో అనే పంకా ఇంజన్‌లోకి అదనపు గాలిని నెట్టే రకం. నాన్నగారు కొన్న బండి కాబట్టి ఒంగోలులో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో నేనే విప్పి బిగించుకుంటూ నడుపుతున్నాను. ఊళ్లో ఒక వర్క్‌షాపులో చూపిస్తే టర్బో పోయిందని, కొత్తది వేయాలని చెప్పారు. ఏ గొట్టమూ విప్పకుండా చెప్పిన మాట కనుక నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు.

మొదటి వారం ఎయిర్ ఫిల్టరుతో మొదలుపెట్టాను. పొదిలి వెళ్లాలంటే చీమకుర్తి మీదుగానే వెళ్లాలి, ఆ దారిలో గ్రానైట్ లారీలు లేపే దుమ్ము సన్నని పిండిలా ఫిల్టరు మడతల్లో గట్టిపడి ఉంది. కొత్తది వేసినా తేడా పెద్దగా రాలేదు. తర్వాత టర్బో ముందున్న గొట్టం తీసి షాఫ్టును వేళ్లతో పట్టుకుని చూశాను. పక్కలకు కొంచెం ఆడింది, ముందుకూ వెనక్కూ మాత్రం కదలలేదు. బేరింగు ఆయిలు పొర మీద తేలుతూ తిరిగే రకం కాబట్టి, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు పక్కలకు కాస్త ఆడటం సహజం. ముందువెనుకలకు ఆడినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపించినా మాత్రం భయపడాలి. ఆ రెండూ లేవు.

ఇక ఊహలు మాని కొలతలకు దిగాను. ఇన్‌టేక్ గొట్టానికి టీ జాయింటు వేసి, టర్బో నెట్టే గాలి పీడనాన్ని (బూస్ట్) చూపే గేజీ బిగించి, నాలుగో గేరులో 3,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే 0.4 బార్ చూపించింది. ఎంత ఉండాలో తెలియాలి కదా. పొదిలిలో మా బావ దగ్గర అదే సంవత్సరపు అదే బండి ఉంది. అదే గేజీని దానికి పెడితే 0.8 వచ్చింది. టర్బో ఉన్న పాత రెండింజన్ల విమానాల్లో ఒక ఇంజన్ శక్తి తగ్గితే, ఎడమ ఇంజన్ గేజీని కుడిదానితో పోల్చి చూడటం మెకానిక్కులకు ఉన్న పెద్ద వెసులుబాటు. బావ బండి నాకు ఆ రెండో ఇంజన్ అయింది. అసలు టర్బో మొదట తన సత్తా నిరూపించుకున్నదే విమానాల కోసం. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు దాన్ని లిబర్టీ అనే విమాన ఇంజనుకు అమర్చి, గాలి పలచబడే ఎత్తు కోసం అమెరికాలోని పైక్స్ పీక్ కొండ మీదికి, సుమారు 4,300 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి పరీక్షించాడు.

రెండో వారం లీకు పరీక్ష. టర్బో ముందు గొట్టంలో పట్టేంత పీవీసీ మూత కొని, దానికి రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించాను. ఇంజన్ నుంచి ఆ గొట్టంలోకి వచ్చే బ్రీదరు పైపును విప్పి రంధ్రం మూసేశాను. 0.5 బార్ దాటకుండా గాలి ఎక్కించి, జాయింట్లన్నిటికీ సబ్బు నీళ్లు పూశాను. తెరిచి ఉన్న వాల్వుల గుండా కొంత గాలి ఇంజన్‌లోకి పోతుంది, ఆ చప్పుడు విని కంగారుపడనక్కర లేదు. పైనుంచి చూస్తే ఎక్కడా ఏమీ లేదు. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు కింది హోసు అడుగున అద్దం పెట్టి చూస్తే, క్లిప్పు అంచు వెంట రబ్బరు గోరు పొడవున చీలి, నురగ ఉబ్బి పగులుతూ, మళ్లీ ఉబ్బుతూ ఉంది. గాలి ఆపేస్తే చీలిక పెదవులు కలిసిపోయి కంటికి ఆనడం లేదు. హోసు మార్చాక గేజీ 0.55కు వచ్చింది.

ఇక్కడే నాకు బాగా ఆలోచించాల్సి వచ్చింది. డీజిల్ బండిలో గాలి చాలకపోతే నల్లపొగ రావాలి. మా బండి ఎంత తొక్కినా పొగ లేకుండా, శుభ్రంగా, నీరసంగా నడుస్తోంది. అంటే డీజిలే తక్కువగా అందుతోంది. డీజిల్ ఫిల్టరు మార్చి, అందులోని నీళ్లు తీసి, డీజిల్ పంపుకు వెళ్లే దారిలో పారదర్శక గొట్టం వేసి బుడగలు వస్తున్నాయేమో చూశాను. రాలేదు. మిగిలింది ఆ పంపు నెత్తిన ఉండే డయాఫ్రమ్ అనే పొర. బూస్ట్ పీడనం ఒక సన్నని గొట్టం ద్వారా దాన్ని నొక్కితేనే పంపు అదనపు డీజిల్ వదులుతుంది. చేతి పంపుతో 0.5 బార్ ఎక్కిస్తే డయాఫ్రమ్ నిలబెట్టుకుంది, కాబట్టి అది బాగుంది. ఆ సన్నని గొట్టమే నిపుల్ దగ్గర ఎండి, వెంట్రుకంత పగులుతో వదులైపోయి ఉంది. పాత బస్సు సీటు అంచులాగా వేలితో తాకితే రబ్బరు పొడి రాలింది.

రెండు లీకులూ ఒకదానికొకటి తోడైన తీరు అర్థమయ్యాక మనసు కుదుటపడింది. డీజిల్ తక్కువైతే ఎగ్జాస్టులో వేడి తగ్గుతుంది, టర్బో నెమ్మదిగా తిరుగుతుంది, బూస్ట్ ఇంకా పడిపోతుంది, దాంతో పంపు డీజిలును ఇంకా బిగపడుతుంది. అందుకే పెద్ద హోసు ఒక్కటీ మారిస్తే సగం ఫలితమే వచ్చింది. సన్నని గొట్టం మార్చాక 0.8 నిలకడగా వస్తోంది, పూర్తిగా తొక్కినప్పుడు పల్చని పొగ కూడా కనిపిస్తోంది. బూస్ట్ మితిమీరితే ఎగ్జాస్టును టర్బో పక్కనుంచి పంపేసే వేస్ట్‌గేట్ కడ్డీని కూడా చేతి పంపుతో పరీక్షిస్తే 0.7 దాటాకే కదలడం మొదలైంది, వదలగానే పూర్తిగా మూసుకుంది.

మొన్న ఆదివారం బావను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ అదే ఘాట్ ఎక్కాను. రెండో గేరుకు దిగాల్సిన పని రాలేదు. "టర్బో మార్చాలన్నారు గదరా, ఇంతకీ ఏం మార్చావు?" అని బావ అడిగితే రెండు గొట్టాలు అన్నాను. నమ్మక గేజీ వైపే చూస్తూ కూర్చున్నాడు. బావ బండిలోనూ అదే వయసు గొట్టాలున్నాయి, వచ్చే వారం పొదిలిలో వాటిని విప్పి చూడాలి.