2221 లొల్లి: దాక్కున్న అడ్మినిస్ట్రేటర్ దొరికిండు

ఎట్టకేలకు దొరికిండు! సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొన్న సెకండ్‌హ్యాండ్ థింక్‌సెంటర్ డెస్క్‌టాప్‌కి ర్యామ్ 16 జీబీ చేసిన, మస్తు నడుస్తుంది, దాని గురించి ఇంకేం చెప్పేదిలే.

లొల్లంతా అకౌంట్‌తోనే. నా ప్రొఫైల్ పాడై స్టార్ట్ మెనూ ఓపెనే అయితలేదు, అందుకే విండోస్‌లో దాగుండే అడ్మినిస్ట్రేటర్ అనే ఫుల్ పవర్ అకౌంట్‌ని ఆన్ చేసి అందులోంచి సెట్ చేద్దామనుకున్న (విస్టా నుంచి అది డిఫాల్ట్‌గా ఆఫే). సీఎండీని (కమాండ్లు కొట్టే విండో) రన్ యాజ్ అడ్మిన్ చేసి, ఆన్ చేసే కమాండ్ నెట్ యూజర్ అడ్మినిస్ట్రేటర్ /యాక్టివ్:యెస్ కొడితే ఆ పేరుతో యూజరే లేడంటది, కింద హెల్ప్ మెసేజ్ 2221. పర్మిషన్ గొడవైతే సిస్టమ్ ఎర్రర్ 5 రావాలె, అది రాలే, అంటే రైట్స్ ఉన్నయ్, పేరే లేదు. డిలీట్ చేసిర్రా అంటే ఆ అకౌంట్‌ని విండోస్ డిలీట్ చెయ్యనియ్యదు. ఫ్రెంచ్ విండోస్‌లో పేరు వేరేగా ఉంటది గాని నాది ఇంగ్లీషే. లోకల్ యూజర్స్ విండోలో చూద్దామంటే హోమ్ ఎడిషన్‌లో అది పనిచెయ్యదు, అకౌంట్ల వివరాలు చూపే పాత కమాండ్ డబ్ల్యూఎంఐసీ కొత్త విండోస్ 11లో డిఫాల్ట్‌గా ఉంటలేదు.

అప్పుడు పవర్‌షెల్ అనే ఇంకో కమాండ్ విండోలో, యూజర్ల లిస్ట్ ఇచ్చే గెట్-లోకల్‌యూజర్ కొట్టి పేరుతో పాటు ఎస్ఐడీ (ప్రతి అకౌంట్‌కి విండోస్ ఇచ్చే ఐడీ నంబర్) కూడా చూపించమన్న. అసలు కిటుకు ఇదే, పేరు ఏదైనా మార్చుకోవచ్చు గాని ఆ అకౌంట్ ఎస్ఐడీ చివర ఎప్పుడూ 500 ఉంటది, గెస్ట్‌ది 501, మనం పెట్టుకునేవి 1000 నుంచి పైకి. లిస్ట్‌లో 500 పక్కన "సపోర్ట్" అని ఉంది, ఎనేబుల్డ్ ఫాల్స్, అంటే ఆఫ్‌లో ఉంది! విండోస్ ఎక్కించినోళ్లే పేరు మార్చి ఉంటరు అని నా గెస్. కమాండ్‌లో ఆ పేరు పెట్టంగనే ఆన్ అయింది.

యూట్యూబ్‌లో లాగిన్ స్క్రీన్‌లో వాడే యుటిల్‌మ్యాన్ అనే ఫైల్ జాగాల సీఎండీ పెట్టి లోపలికి పోయే ట్రిక్ చూపిస్తుంటరు, నాకైతే అస్సలు నచ్చదు, సిస్టమ్ ఫైల్స్‌తో ఆటలేంది. ఒకటి మాత్రం, ఈ అకౌంట్‌లో యూఏసీ (మార్పులకు ముందు పర్మిషన్ అడిగే విండో) ఏదీ అడగదు, డైరెక్ట్ ఫుల్ పవర్, కాబట్టి నెట్ యూజర్ సపోర్ట్ * కొట్టి ముందు పాస్‌వర్డ్ పెట్టిన.

ఈ ఆదివారం కొత్త లోకల్ అకౌంట్ చేసి ఫైల్స్ అందులోకి లాగి, దీన్ని /యాక్టివ్:నో చేసేస్త. తర్వాత విండోస్ పక్కన లినక్స్ మింట్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కియ్యాలె, దానికన్నా ముందు డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కి వేసే లాక్) ఆన్‌లో ఉందేమో చూసి, ఆ లాక్ తెరిచే రికవరీ కీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలె.